థర్మోస్టాట్ మార్చాక మొదలైన కూలెంట్ లీకు: అల్యూమినియం హౌసింగ్ రెండు వేసవుల తర్వాత

ఇంజిన్‌కు బిగించి థర్మోస్టాట్‌ను లోపల ఇముడ్చుకునే మూతను హౌసింగ్ అంటారు. ప్లాస్టిక్ హౌసింగ్ తీసేసి అల్యూమినియం హౌసింగ్ బిగించాక రెండు వేసవులు గడిచాయి. విజయవాడ ఎండల్లో ఏసీ ఆపకుండా నడిపాను. వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మధ్యాహ్నాలూ ఉన్నాయి. ట్యాంకులో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం గీత దిగలేదు. కొన్నందుకు విచారం లేదు. కానీ లీకు ఆగడంలో ఈ లోహపు ముక్క వాటా సగం కూడా ఉండదని నా అభిప్రాయం. ఆ సంగతి దాచి దీన్ని ఆకాశానికెత్తితే కొనేవాళ్లకు అన్యాయం చేసినట్టే.

కారు పదేళ్లు దాటిన పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. చలికాలం ఉదయాల్లో హైవే ఎక్కితే టెంపరేచర్ ముల్లు ఉండాల్సిన చోటికి రాకుండానే ఆగిపోయేది. మైలేజీ పడిపోయింది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పి 0128 కోడ్ వచ్చింది. ఇంజిన్ వేడెక్కవలసినంత వేడెక్కడం లేదని దాని అర్థం. థర్మోస్టాట్‌లో చిన్న డబ్బీలాంటి భాగం నిండా మైనం ఉంటుంది. చాలా కార్లలో కూలెంట్ 82 నుంచి 88 డిగ్రీల దగ్గరకు చేరగానే మైనం కరిగి ఉబ్బి వాల్వును తోస్తుంది. అప్పటిదాకా కూలెంట్‌ను రేడియేటర్ వైపు పోనివ్వదు. నా కారులో ఆ వాల్వు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"సార్, మన ఎండలకు థర్మోస్టాట్ దేనికి? తీసి పారేస్తే గొడవే ఉండదు" అన్నాడు మొదట చూసిన మేస్త్రి. ఈ మాట మన మెకానిక్ షెడ్లలో తరచూ వినపడేదే. తీసేస్తే ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే నడుస్తుంది. ఇంకా వేడెక్కలేదనుకుని కారు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పంపుతుంది. నాకున్న రోగం అదే, దాన్ని శాశ్వతం చేయడం మందెలా అవుతుంది?

మరో గ్యారేజిలో కొత్త థర్మోస్టాట్ వేయించాను. ముల్లు దారికొచ్చింది. కొద్ది రోజులకు బానెట్ ఎత్తితే తియ్యటి వాసన తగిలింది. హౌసింగ్ అంచు కింద గులాబీ రంగు కూలెంట్ పొర ఎండి అట్టకట్టింది, ట్యాంకులో మట్టం వేలెడు దిగింది. అడిగితే "కొత్తలో కాస్త తగ్గుతుంది సార్, పైన పోసుకుంటే చాలు" అన్నారు. అందులో కొంత నిజముంది. లోపల ఇరుక్కున్న గాలి బయటికి వచ్చేకొద్దీ మొదట్లో మట్టం కొంచెం దిగుతుంది. కానీ గాలి పోయినంత మాత్రాన బయట గులాబీ పొర కట్టదు కదా.

ఇలాంటి లీకును కంటితో పట్టడం కష్టం. ఇంజిన్ వేడి మీదుంటే కారిన చుక్క కారినట్టే ఆవిరైపోతుంది. రేడియేటర్ క్యాపు స్థానంలో బిగించే చేతిపంపు ఒకటి ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక దాన్ని బిగించి ఒక బార్ దాకా ఒత్తిడి ఎక్కించి వదిలేయాలి. పంపు మీటరు ముల్లు కదలకపోతే లీకు లేనట్టు. మాది నెమ్మదిగా దిగింది. టార్చి వేసి చూస్తుంటే హౌసింగ్ కింది బోల్టు పక్కన తడి మెరిసింది. మిరియపు గింజంత చుక్కగా ఊరి, కాసేపు వేలాడి, గేర్‌బాక్సు మీదికి జారింది. మళ్లీ అక్కడే ఇంకోటి ఊరింది. హోస్ పైపు పొడిగా ఉంది, వాటర్ పంపు కింది రంధ్రం దగ్గరా తడి లేదు. అనుమానం తీరిపోయింది.

ఈసారి విప్పించినప్పుడు దగ్గరే నిలబడ్డాను. థర్మోస్టాట్ అంచుకు తొడిగే రబ్బరు రింగు మీద సిలికాన్ పేస్టు దట్టంగా పూసి ఉంది. రబ్బరు రింగు ఉన్నచోట పేస్టు పనికిరాదు. బోల్టు బిగిస్తుంటే రింగు ఆ జారుడు మీద పక్కకు తప్పుకుని నలిగిపోతుంది. మా రింగు ఒకవైపు సరిగ్గా అలాగే నలిగి ఉంది. పైగా లోపలి అంచున ఆరిన పేస్టు తీగలు ఊడిపోయి రేడియేటర్ సన్నని గొట్టాల్లో చేరవచ్చు. ప్లాస్టిక్ హౌసింగ్ ముఖం మీద స్టీలు స్కేలు ఆనిస్తే మధ్యలో వెలుతురు కనిపించింది. ఏళ్ల తరబడి వేడికి ప్లాస్టిక్ ఎలాగూ కొంత వంగుతుంది, బోల్టులు విరగబిగిస్తే ఇంకాస్త వంగుతుంది. అందుకే ఈసారి అల్యూమినియం తీసుకున్నాను. ఆటోనగర్ దుకాణంలో ప్లాస్టిక్ దానికి రెట్టింపు ధర పడింది.

అసలు పనితనం బిగించడంలో ఉంది. ఇంజిన్ వైపు రంధ్రంలో గుడ్డ కుక్కి, పాత పేస్టును బ్లేడుతో పడుకోబెట్టి గీకించాను. చదునైన చెక్కముక్కకు సన్నని గరుకు కాగితం చుట్టి ఆ ముఖాన్ని తేలికగా రుద్దారు. వేలితో తడిమితే ఎక్కడా తగలకూడదు. ఎక్కువ సమయం పట్టింది దీనికే, గ్యారేజీలు ఎగ్గొట్టేదీ దీన్నే. కొత్త రింగును కూలెంట్‌తోనే తడిపి తొడిగాం. గ్రీజు రాయనివ్వలేదు. కూలెంట్ రింగులకు వాడే ఈపీడీఎం రబ్బరు మామూలు గ్రీజు తగిలితే ఉబ్బిపోతుంది. థర్మోస్టాట్ పళ్లెంలో గాలి పోవడానికి చిన్న పిన్ను ఉంటే అది పైకి, గడియారంలో పన్నెండు ఉండే చోటికి రావాలి. బోల్టులు ముందు చేత్తో తిప్పి, తర్వాత ఇటొకసారి అటొకసారి కొద్దికొద్దిగా బిగించాలి. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు 10 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా సరిపోతుంది. అంటే పొట్టి స్పానరుతో మణికట్టు బలం చాలు. మన మేస్త్రులు భుజబలం చూపిస్తారు.

ఇక కొన్న సరుకు సంగతి. హౌసింగ్ ముఖం చక్కగా చదును చేసి ఉంది, వంక పెట్టడానికి లేదు. హోస్ ఎక్కే మెడ మీద మాత్రం అచ్చు కలిసిన చోట సన్నని గీత ఉబ్బెత్తుగా ఉండిపోయింది. ఆ గీత వెంట కూలెంట్ ఊరే ప్రమాదం ఉంది కాబట్టి బిగించక ముందే అరగదీయించాను. డబ్బు రెట్టింపు తీసుకున్నవాళ్లు ఆ పని ఫ్యాక్టరీలోనే చేసి పంపవచ్చు. పెట్టెలో ఇచ్చిన స్క్రూ క్లిప్పు కూడా పక్కన పడేశాను. రబ్బరు వయసుతో అణిగేకొద్దీ స్క్రూ క్లిప్పు వదులవుతుంది. తెల్లవారుజామున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కారి, వేడెక్కాక ఆగిపోయే లీకు చాలాసార్లు దీని పుణ్యమే. కంపెనీ నుంచి వచ్చే స్ప్రింగు క్లిప్పు వేడికీ చలికీ తనే సర్దుకుంటుంది. తీయడం కష్టమని దాన్ని మార్చేస్తుంటారు, మార్చనివ్వకండి.

ఈ మధ్య పై హోస్ మార్చినప్పుడు మెడను పరీక్షగా చూశాను. రబ్బరు కింద అల్యూమినియం మీద అక్కడక్కడా తెల్లటి పొడి, గుచ్చినట్టు చిన్న గుంటలు. లోతుగా లేవు, కానీ ప్లాస్టిక్‌కు ఈ బెడద అసలే ఉండదు. కూలెంట్ సరైనది వాడితేనే ఇలా ఉందంటే, బోరు నీళ్లు పోసేవాళ్ల హౌసింగ్ ఏ గతి పడుతుందో ఊహించుకోవచ్చు. మనకు మంచు గడ్డకట్టే బెంగ లేకపోయినా కూలెంట్ కావాలి. తుప్పు ఆపేదీ, మరిగే ఉష్ణోగ్రత పెంచేదీ అదే. డబ్బా మీద ఐఎస్ 5759 లేదా ఏఎస్‌టీఎం డి 3306 అనే నాణ్యతా ప్రమాణం గుర్తు ఉందో లేదో చూసి, కారు పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. రంగు చూసి కొనడం గుడ్డి లెక్క. ఏ రంగు కలపాలన్నది కంపెనీ ఇష్టం. నీళ్లు కలిపి వచ్చే డబ్బాకు మళ్లీ నీళ్లు చేర్చడం ఇంకో దురలవాటు. చిక్కటి రకానికైతే డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో కలుపుకోవాలి.

లీకు ఆపే పొడులు, ద్రవాల గురించి చాలామంది అడుగుతారు. వెనకటికి లారీ డ్రైవర్లు రేడియేటర్‌లో పసుపు పోసి ఊరు చేరుకునేవారు. దారి మధ్యలో దిక్కులేనప్పుడు అది తెలివే. ఇంటి దగ్గర, గ్యారేజి పక్కనుండగా ఆ పని చేస్తే లీకైన రంధ్రంతో పాటు హీటర్ గొట్టాలూ పూడిపోతాయి.

నా మార్కులు ఇవి. హౌసింగ్‌కు ఐదింటికి మూడున్నర, సరైన రింగుకు ఐదుకు ఐదు. మీ ప్లాస్టిక్ హౌసింగ్ మీద స్కేలు ఆనించినప్పుడు వెలుతురు రాకపోతే దాన్నే ఉంచుకోండి. రింగు మాత్రం కంపెనీది కొత్తది వేసి, ముఖం శుభ్రం చేయించండి. వంగి ఉంటేనో, మెడ దగ్గర సన్నని పగులు కనిపిస్తేనో అల్యూమినియం కొనవచ్చు. విప్పిన రోజు కింద ట్రే పెట్టమనండి. నేల మీద ఒలికిన కూలెంట్ తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అందులోని ఇథిలీన్ గ్లైకాల్ వాటి ప్రాణం తీస్తుంది.

పని అయ్యాక క్యాపు కూడా పరీక్ష చేయించుకోవాలి. నా దాని మీద 1.1 అని ఉంటుంది, అంటే 1.1 బార్ ఒత్తిడి దాకా పట్టి ఉంచాలి. ఒత్తిడి దాదాపు ఒక బార్ నిలిస్తే నీళ్లు సైతం 120 డిగ్రీల దాకా మరగవు. క్యాపు రబ్బరు ఎండిపోయి ఆ ఒత్తిడి నిలవకపోతే, లీకు లేకపోయినా ట్రాఫిక్‌లో కూలెంట్ పొంగి బయటికి పోతుంది. పాతది పంపు పెట్టి చూస్తే సగం ఒత్తిడికే వదిలేసింది, మార్చేశాను.