పత్రిక పారిపోయిన దారిలో చట్టనూగాకి

2018 నవంబర్‌లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ఉన్న చట్టనూగాకి వెళ్ళాను. పంతొమ్మిదో శతాబ్దపు పత్రికలు, బానిసత్వం విషయంలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధం (1861-65), భావప్రకటన స్వేచ్ఛ మీద అప్పట్లో ఏటా అక్కడి యూనివర్సిటీలో సదస్సు జరిగేది. పరిశోధనా పత్రం సమర్పించడానికి కాదు, వినడానికే వెళ్ళాను.

అట్లాంటా ఎయిర్‌పోర్ట్ నుంచి అన్నయ్య కారులో తీసుకెళ్ళాడు. ఐ-75 హైవే మీద రెండు గంటలు పైనే పట్టింది. దారిలో జార్జియాలోని మారియెట్టా వచ్చినప్పుడు అన్నయ్యకి 'డైలీ రెబెల్' కథ చెప్పాను. అది 1862లో చట్టనూగాలో మొదలైన దక్షిణాది పక్షం పత్రిక. మరుసటి ఏడాది ఉత్తరాది సైన్యం ఊరి మీదికి వచ్చేసరికి ప్రెస్సు సర్దుకుని మారియెట్టాకి, తర్వాత గ్రిఫిన్‌కి, చివరికి అలబామాలోని సెల్మాకి చేరింది. బానిసత్వాన్ని కాపాడాలన్న పక్షం అది. ఆ పక్షం ఓడిందని నాకు బాధ లేదు. కానీ సీసపు అక్షరాల పెట్టెలు మోసిన కంపోజిటర్లు మాత్రం దారి పొడుగునా గుర్తొస్తూనే ఉన్నారు.

బసలో పొరపాటు చేశాను. అద్దె తక్కువని హైవే పక్కన ఒక మోటెల్ బుక్ చేసుకున్నాను. మూడింటికి ఇస్తామన్న గది ఆరింటికి ఇచ్చారు. హీటర్ రాత్రంతా మోగుతూనే ఉంది. అన్నిటికంటే ఇబ్బంది, నడుద్దామంటే ఫుట్‌పాత్ లేకపోవడం. పొద్దున్నే క్యాబ్ కోసం టెన్షన్. రెండో రోజు డౌన్‌టౌన్‌లోని హోటల్‌కి మారాను. అద్దె ఎక్కువే, కానీ క్యాబ్ ఖర్చు పోయింది, యూనివర్సిటీకి నడిచి వెళ్ళగలిగాను. పాత రైల్వే టెర్మినల్ 'చట్టనూగా చూచూ' నుంచి అక్వేరియం దాకా అప్పట్లో ఉచిత ఎలక్ట్రిక్ బస్సు తిరిగేది, ఎంతో సౌకర్యం. మన తిండి దొరుకుతుందో లేదోనని వదిన పంపిన పులిహోర రెండు పూటలు ఆదుకుంది.

సదస్సు చిన్నది, నాకు నచ్చింది కూడా అందుకే. టీ దగ్గర ఎవరినైనా పలకరించవచ్చు. భోజనాల దగ్గర ఒక పెద్దాయన అంతర్యుద్ధంలో మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్ ముట్టడి సంగతి చెప్పారు. 1863 జూలైలో కాగితం అయిపోయి 'డైలీ సిటిజన్' పత్రికను వాల్‌పేపర్ వెనక వైపు అచ్చు వేశారట. ఊరు లొంగిపోయాక లోపలికి వచ్చిన ఉత్తరాది సైనికులు, పేర్చి ఉన్న అక్షరాలకే తమ మాట నాలుగు ముక్కలు చేర్చి మళ్ళీ అచ్చు వేశారట. బదులుగా నేను 1874లో మొదలైన వీరేశలింగం గారి 'వివేకవర్ధని' గురించి చెప్పాను. రాజమండ్రిలో లంచాలు తినే ఉద్యోగుల గురించి ఆయన పేజీల్లో ఎలా రాశారో వివరిస్తుంటే, చుట్టూ ఉన్నవాళ్ళు ఫోర్కులు పక్కన పెట్టి విన్నారు. మన పత్రికల చరిత్ర ఇలాంటి చోట్లకి ఇంకా చాలా రావాలి.

ఊళ్ళో చూడాల్సింది లుకౌట్ మౌంటెన్. 1895 నాటి ఇంక్లైన్ రైలు కొన్నిచోట్ల 72.7 శాతం వాలులో ఎక్కుతుంది. శనివారం పెద్ద క్యూ ఉంది, పనిదినం వెళ్ళడం మంచిది. పైన స్టేషన్ నుంచి కాసేపు నడిస్తే పాయింట్ పార్క్, అందులో ఓక్స్ మ్యూజియం. అడాల్ఫ్ ఓక్స్ 20 ఏళ్ళ వయసులో, 1878లో, 250 డాలర్లు అప్పు చేసి 'చట్టనూగా టైమ్స్'ను చేతిలోకి తీసుకున్నాడు. 1896లో 'న్యూయార్క్ టైమ్స్' ఆయన చేతికి వచ్చింది. మ్యూజియం దగ్గర నుంచి టెన్నెసీ నది మెలిక, దాని పక్కన ఊరు మొత్తం కనిపిస్తాయి. టికెట్ డబ్బులకి న్యాయం జరిగింది.

చివరి సాయంత్రం వాల్నట్ స్ట్రీట్ వంతెన మీదికి వెళ్ళాను. 1890లో కట్టిన ఈ వంతెన ఇప్పుడు నడిచేవాళ్ళకే. పిల్లలు, సైకిళ్ళు, చల్లని గాలి. కానీ నల్లజాతివాళ్ళైన ఆల్ఫ్రెడ్ బ్లౌంట్‌ని 1893లో, ఎడ్ జాన్సన్‌ని 1906లో గుంపులు ఉరి తీసింది ఇక్కడే. ఇదే రాష్ట్రంలోని మెంఫిస్‌లో ఇలాంటి హత్యల గురించి రాసినందుకు 1892లో నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ పత్రిక 'ఫ్రీ స్పీచ్' కార్యాలయాన్ని గుంపు ధ్వంసం చేసింది. ఆమె ఆ సమయంలో ఊళ్ళో లేదు, మళ్ళీ అక్కడికి తిరిగి వెళ్ళి బతికే పరిస్థితీ లేదు. 'రెబెల్' ప్రెస్సు సర్దుకుని పారిపోగలిగింది. ఆమెకి ఆ అవకాశం కూడా దక్కలేదు.

నేను వెళ్ళినప్పటికి ఎడ్ జాన్సన్ స్మారకం ఇంకా రాలేదు, 2021లో కట్టారు. వంతెన దక్షిణపు చివర ఉంటుంది. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు అక్వేరియంకి ఒక గంట తగ్గించుకుని అయినా అక్కడ ఆగండి.