దేవుని కడప మిద్దె మీద పద్యాల క్లాసు

పిల్లలకు పద్యాలు నేర్పించాలని చూసే కడప తల్లిదండ్రులకు ఈ క్లాసు గురించి చెప్పి తీరాలి. రిటైరైన తెలుగు సారు ఒకాయన దేవుని కడపలో తన ఇంటి మిద్దె మీద శనివారం రాత్రిపూట చెప్తున్నారు. మా వాడు ఆరో తరగతి. అంతకుముందు వాడికి పద్యమంటే బట్టీ కొట్టి అప్పజెప్పడమే.

ఇక్కడ మొదట పుస్తకం తీయరు. లైట్లన్నీ ఆపేసి, పిల్లల్ని మాట్లాడకుండా కూర్చోబెడతారు. చెరువు వైపు నుంచి కప్పలు, పక్కింటి చెట్టులో కీచురాళ్లు, తల మీదుగా గబ్బిలాలు. ఏం వినబడిందో తర్వాత ఒక్కొక్కరూ చెప్పాలి. రాసేటప్పుడు మాత్రం చిన్న టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఇస్తారు.

నాకు బాగా నచ్చింది సారు పట్టుదల. ఒక పాప గుడ్లగూబ గురించి రాస్తూ "టపటప రెక్కలు" అంది. "అది పావురానికి ఇచ్చేయమ్మా" అన్నారు. గూబ ఈకల అంచులు మెత్తగా కుచ్చులా ఉంటాయి, అందుకే అది ఎగిరితే ఎలుకకు కూడా వినబడదని చెప్పి, చప్పుడు లేకపోవడాన్ని ఎలా రాస్తావో చూడమన్నారు. చూడనిది, విననిది రాయనివ్వరు. పిల్లల కవిత్వానికి ఇంతకన్నా మంచి పునాది నాకు తెలీదు.

ఛందస్సు కూడా చేతులతోనే. గురువుకు, అంటే బరువుగా పలికే అక్షరానికి, చప్పట్లు; లఘువుకు, అంటే తేలిగ్గా పలికే అక్షరానికి, చిటిక. మా వాడు మొదట "గుడి గోపురం పైన గుడ్లగూబ ఉంది" అని రాశాడు. గోపురం అంటే గుడి ఉన్నట్టే కదా అని "గుడి" తీసేశాడు. చిటికెలు లెక్క పెట్టుకుంటూ "ఉంది" కూడా మార్చి, చివరికి "గోపురాన నిలిచె గుడ్లగూబ" దగ్గర ఆగాడు. ఐదు సూర్యగణాలు (గురువు-లఘువు జంట గానీ మూడు లఘువులు గానీ ఒక గణం), గో-గు యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం). వేమన పద్యాల ఛందస్సు ఆటవెలదిలో రెండో పాదం సరిగ్గా కుదిరింది! "నిలిచె" దగ్గర మూడు చిటికెలు వరసగా పడ్డప్పుడు వాడి మొహం చూడాల్సింది.

గూబ కక్కిన ఉండ ఒకటి సారు విప్పి చూపిస్తే లోపలంతా ఎలుక బొచ్చు, సన్నటి ఎముకలు. గూబ అరిస్తే కీడని మా అత్త ఎప్పుడూ అంటుంది. వీడు ఇంటికొచ్చి "జేజీ, అది ఎలుకల్ని తింటాది, మన వడ్లు కాపాడతాది" అన్నాడు. "అయితే అరవనీలేరా" అంది ఆమె.

కలివికోడి అనే అరుదైన పిట్ట పాఠం వేరే స్థాయి. 1900 తర్వాత ఎవరికీ కనబడని ఆ పిట్ట 1986లో మన లంకమల కొండల దగ్గర రెడ్డిపల్లె వైపు ఐతన్న అనే ఆయన చేతికి రాత్రిపూట చిక్కింది. అది పగలు పొదల్లో దాగి, చీకటి పడ్డాకే తిరుగుతుంది. "అన్నేళ్లూ అదేమనుకుని ఉంటుంది?" అని సారు అడిగితే, ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల "నేనిక్కడే ఉన్నా, మీరే నిద్రపోయారు" అని రాసింది. మెట్ల దగ్గర నిలబడిన తల్లులమందరం మళ్లీ చదివించుకున్నాం.

లోపాలూ ఉన్నాయి. పిల్లలు ఎక్కువైపోయారు, నెమ్మదస్తులకు చెప్పే వంతు రావడం లేదు. తొమ్మిది దాటితే చిన్నవాళ్లు తూగుతారు. నా లెక్కన నాలుగో తరగతి కన్నా చిన్నపిల్లల్ని పంపకండి. దోమలు బాగా ఉన్నాయి, ఫుల్ చేతుల చొక్కా వేసి పంపండి. ఫీజు నెలకు ఆరు వందలు. కట్టలేని ఇంటి పిల్లల దగ్గర సారు అడగరు. రెండు బ్యాచులు చేయమని అందరం కలిసి అడిగాం, దసరా సెలవుల తర్వాత చూస్తానన్నారు.