విపశ్యన ధ్యానం పది రోజుల కోర్సు: వెళ్ళొచ్చాక నా రివ్యూ

డబ్బులు తీసుకోరు అనగానే మా చుట్టాల్లో సగం మంది అనుమానంగా చూశారు. ఉండటానికి గది, రెండు పూటలా తిండి, నేర్పడానికి టీచర్, అన్నీ ఊరికే అంటే ఎక్కడో మెలిక ఉండే ఉంటుందని మా పెద్దాడపడుచు గట్టిగా వాదించింది. మెలికేమీ లేదు. ముందు కోర్సులు చేసినవాళ్ళు ఇచ్చిన దానంతో తర్వాతి కోర్సులు నడుస్తాయి, ఒక్క కోర్సయినా పూర్తి చేయనివాళ్ళు ఇస్తామన్నా తీసుకోరు, సేవ చేసేవాళ్ళు కూడా ఒకప్పుడు మనలాగే వచ్చి కూర్చుని వెళ్ళినవాళ్ళే.

అసలు ఖర్చు రోజులు. పేరుకి పది రోజులే గానీ ముందురోజు మధ్యాహ్నానికి చేరుకోవాలి, పదకొండో రోజు పొద్దున వదులుతారు, అంటే క్యాలెండర్‌లో పన్నెండు తేదీలు. ఇంట్లో మతిమరుపు మొదలైన అత్తగారు, ఇంటర్ చదివే కొడుకు, రెండేళ్ళుగా వ్యాపారం దెబ్బతిని ఎవరేమన్నా కస్సుమనే మొగుడు, పైన బ్యాంకు ఉద్యోగం. ఇన్ని ఉన్న మనిషికి పన్నెండు తేదీలు ఖాళీ చేసుకోవడం కోర్సు కంటే కష్టం. వండిపెట్టే మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళని దృష్టిలో పెట్టుకునే ఈ లెక్క వేశారేమో అనిపించింది నాకైతే. ఒకరోజు, మూడురోజుల కోర్సులు కూడా ఉన్నాయి కానీ అవి పది రోజులది ఒకసారి పూర్తి చేసినవాళ్ళకి మాత్రమే.

మన దగ్గర ఈ కోర్సు నడిపే సెంటర్లలో హైదరాబాద్ వనస్థలిపురం దాటాక సాగర్ రోడ్డులో ధమ్మఖేత్త ఉంది, నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున, ఏలూరు వైపు విజయరాయిలో ధమ్మ విజయ, ఇంకా ఉన్నాయి. నేను వెళ్ళింది ఎక్కడికో చెప్పను, ఎందుకంటే అక్కడి గది గురించి ముందుముందు నాలుగు మాటలు అనబోతున్నా. ఏ సెంటర్‌కి వెళ్ళినా టైమ్‌టేబుల్ ఒకటే, పాఠం ఒకటే, వినిపించే గొంతు కూడా ఒకటే. అది గోయెంకా గారి గొంతు. బర్మాలోని మాండలేలో 1924లో పుట్టిన మార్వాడీ వ్యాపారి ఆయన, విపరీతమైన మైగ్రేన్‌తో బాధపడుతూ 1955లో ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి వెళ్ళారు. ఆ గురువు కూడా సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్ చేసిన సంసారి. లెక్కల డిపార్ట్‌మెంట్ మనిషి ధ్యానం నేర్పాడంటే బ్యాంకు వాళ్ళకి కాస్త నమ్మకం కుదురుతుంది కదా, నాకూ అలాగే కుదిరింది. గోయెంకా గారు 1969లో ఇండియాకి వచ్చి నేర్పడం మొదలుపెట్టారు, 2013లో పోయారు, ఇప్పుడు అంతా ఆయన రికార్డింగులతోనే నడుస్తుంది. రాత్రి ప్రసంగం తెలుగులో వినే ఏర్పాటు ఉంది. అనువాదం కొంచెం పుస్తకాల భాష, కానీ అర్థమవుతుంది.

నాలుగింటికి గంట కొడతారు. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా కూర్చోవడం, టిఫిన్, మళ్ళీ ఎనిమిది నుంచి పదకొండు దాకా కూర్చోవడం, పదకొండింటికి భోజనం, ఒంటిగంట నుంచి అయిదు దాకా మళ్ళీ అదే పని. అయిదింటికి టీ, కాసిని మరమరాలు, ఒక పండు, అంతే, రాత్రి భోజనం లేదు. రెండోసారి వచ్చినవాళ్ళకి ఆ మరమరాలు కూడా లేవు, నిమ్మకాయ నీళ్ళే. ఆరింటి నుంచి ఇంకో గంటసేపు కూర్చోవడం, ఏడింటికి ప్రసంగం, తొమ్మిదిన్నరకి దీపాలు ఆర్పేస్తారు. ఫోను మొదటి రోజే తీసి దాచేస్తారు. పుస్తకం, పెన్ను, జపమాల ఏవీ ఉండకూడదు. ఎవరితోనూ మాట్లాడకూడదు, సైగలు కూడా కుదరవు, ఏదన్నా అవసరమైతే మేనేజర్‌తోనో టీచర్‌తోనో మాట్లాడొచ్చు. తిండి శుభ్రంగా ఉంది, చప్పగా ఉంది. పప్పు, కూర, మజ్జిగ. ఆవకాయ మీద ఆశ పెట్టుకోకండి.

మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర వచ్చే పోయే ఊపిరిని గమనించడమే. దీన్ని ఆనాపాన అంటారు. వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత విసుగు. మనసు ఊపిరి దగ్గర ఉండదు, లోను వాయిదా దగ్గర ఉంటుంది, పోయినేడు పెళ్ళిలో ఎవరో అన్న మాట దగ్గర ఉంటుంది. నాలుగో రోజు అసలు విపశ్యన చెబుతారు. తల నుంచి కాళ్ళ దాకా ఒంట్లో ఎక్కడ ఏం తెలుస్తోందో, నొప్పో వేడో దురదో, ఏదైనా సరే వద్దనుకోకుండా కావాలనుకోకుండా చూస్తూ పోవాలి, ఎందుకంటే అది ఎలాగూ మారిపోతుంది. ఆ తర్వాత రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి గంటసేపు కదలకుండా కూర్చోమంటారు, కళ్ళు తెరవకూడదు, చేతులు కాళ్ళు మార్చకూడదు. మోకాళ్ళు అరిచి గోల పెట్టాయి. నిజంగా అరుగుదల ఉన్నవాళ్ళకి కుర్చీ ఇస్తారు, సిగ్గుపడకుండా అడగండి.

ఇక గది. ఇద్దరికి ఒకటి ఇచ్చారు, దోమతెర చిరిగింది, వేడినీళ్ళకి బకెట్ పట్టుకుని పొద్దున్నే క్యూ. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది గదిలో రెండో మనిషి. తలుపు ధడాలున వేసేది, బాత్రూమ్‌లో దూరితే పావుగంట, తడి తువ్వాలు నా మంచం మీద నుంచి వెళ్ళే దండెం మీదే ఆరేసేది, పడుకున్న రెండో నిమిషంలో గురక. మామూలుగా అయితే రెండో రోజే "అమ్మా, కాస్త తలుపు మెల్లగా" అని ఉండేదాన్ని, లేకపోతే ఇంటికి ఫోన్ చేసి మా చెల్లితో అరగంట చెప్పుకుని కడుపు ఉబ్బరం తీర్చుకునేదాన్ని. ఇక్కడ రెండు దారులూ మూసేశారు. ఆ కోపం ఎటూ పోవడానికి లేక నాతోనే హాల్‌లోకి వచ్చి కూర్చునేది. ఇలాంటి కథల్లో పదో రోజు నోరు విప్పగానే ఆ మనిషి బంగారమని తేలుతుంది కదా. ఏమీ తేలలేదు. పదో రోజు పొద్దున మౌనం తీసేశాక ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఆపలేదు, అన్నీ ఆవిడ అల్లుడి జీతం గురించే, మాట్లాడాక కూడా నాకు ఆవిడ నచ్చలేదు. నచ్చని మనిషితో ఒకే గదిలో అన్ని రోజులు ఒక్క గొడవా లేకుండా గడిచిపోయాయి, ఇద్దరం బాగానే ఉన్నాం. మాట కలవాలి, మనసు కలవాలి అని ఇన్నేళ్ళూ చుట్టాల విషయంలో ఎంత హైరానా పడ్డానో తలుచుకుంటే నవ్వొచ్చింది. కొందరితో మనసు కలవక్కర్లేదు, తువ్వాలు ఎక్కడ ఆరేయాలో కుదిరితే చాలు.

ఇంటికొచ్చాక ఏం మారింది అని అందరూ అడుగుతున్నారు. మా అత్తయ్య అన్నం తిని చెయ్యి కడుక్కున్న గంటకి పక్కింటావిడతో "పొద్దున్నుంచీ నాకు ముద్ద పెట్టలేదు" అంటుంది. జబ్బు వల్లే అంటుందని నాకు తెలుసు, తెలిసినా ఆ మాట వినగానే చెవులు వేడెక్కి దవడ బిగుస్తుంది, ఇప్పటికీ బిగుస్తుంది. కాకపోతే బిగుస్తోందని ఇప్పుడు అప్పటికప్పుడే తెలుస్తోంది, తెలిసిన ఆ రెండు క్షణాల సందులో "కొంచెం మజ్జిగన్నం తింటారా అత్తయ్యా" అనే మాట దూరుతోంది. రోజూ దూరుతుందని చెప్పను. నెలాఖరు క్లోజింగ్ రోజుల్లో దూరదు.

మా ఆయన సంగతి వేరు. వచ్చిన కొత్తలో ఆయన అప్పుల గురించి చిరాకుపడితే నేను కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకుంటూ కూర్చునేదాన్ని. నాలుగైదు సార్లు చూసి "దీని కంటే నువ్వు అరిస్తేనే నయం" అన్నాడు. అతని మాటలో న్యాయముంది. ఎదుటివాడు టెన్షన్‌లో ఉన్నప్పుడు మనం ప్రశాంతంగా మొహం పెట్టుకుని కూర్చోవడమంత మంట పుట్టించేది ఇంకోటి లేదు, ఈ కోర్సుకి వెళ్ళొచ్చిన చాలామందిలో ఈ జబ్బు చూశాను. కోర్సులో మాట్లాడకుండా ఉండటం నేర్పుతారు, మాట్లాడటం నేర్పరు. ఎవరికి ఎంత బాకీ, కొడుకు ఫీజు ఎక్కణ్ణుంచి తేవాలి, కారు అమ్మాలా వద్దా, ఇవి ఇద్దరూ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటేనే తేలాయి. అయితే ఆ రోజు ఇద్దరం గొంతు పెంచకుండా రెండు గంటలు కూర్చోగలిగాం, అందులో కొంత వాటా కోర్సుకి ఇస్తాను.

పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట చేయమని చెప్పి పంపిస్తారు. నా ఇంట్లో అది జరిగే పని కాదు, పాలవాడు వచ్చేలోపు అరగంట దొరికితే గొప్ప.

ఒక్కటి మాత్రం సీరియస్‌గా చెప్పాలి. అప్లికేషన్‌లో మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు, అక్కడ ఏదీ దాచొద్దు. డిప్రెషన్‌కో ఇంకోదానికో మందులు వాడుతున్నవాళ్ళు ముందు తమ డాక్టర్‌ని అడగాలి, ధ్యానానికి వెళ్తున్నాం కదా అని మందులు ఆపేయకూడదు. అన్ని రోజుల మౌనం కొందరికి పడదు, ఉన్న బాధ ఎక్కువవుతుంది. కష్టం ముంచుకొచ్చి, ఇప్పుడే ఎవరితోనైనా మాట్లాడాలి అనుకునేవాళ్ళకి ఈ కోర్సు అసలు కాదు, వాళ్ళ కోసం ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

కోపిష్ఠి మొగుణ్ణో, మాట వినని కొడుకునో బాగుచేసుకొస్తారని బలవంతంగా పంపకండి. మూడో రోజుకి గోడ దూకే ఆలోచనలు చేస్తారు. వాళ్ళంతట వాళ్ళు అడిగితే పంపండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, తేదీలు తెరిచిన కొద్ది రోజులకే సీట్లు నిండిపోతాయి, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ విడివిడిగా. ఎండాకాలం వద్దు. వదులు బట్టలు, దోమల క్రీమ్, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తీసుకెళ్ళండి, దూది మరీ ముఖ్యం.

అయిదుకి నాలుగు ఇస్తాను. మా ఆయన తనంతట తానే అప్లై చేశాడు, వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు. ఈసారి అత్తయ్యని ఆ పన్నెండు రోజులూ చూసుకోవడానికి సెలవు పెట్టాల్సింది మళ్ళీ నేనే కాబట్టి, పెద్దాడపడుచుకి ఇప్పటి నుంచే ఫోన్లు చేస్తున్నా.