నావూ, సాల్ట్ లేక్ యాత్ర: బహుభార్యత్వం గురించి చెప్పే చోట్లు, చెప్పని చోట్లు

అమెరికా వచ్చిన మన సంఘస్థులు (యేసు క్రీస్తు కడవరి-దిన పరిశుద్ధుల సంఘం వాళ్ళు, బయటివాళ్ళు మార్మన్లంటారు) ఎక్కువమంది సాల్ట్ లేక్ సిటీ చూసి, దేవాలయం ముందు ఫొటో దిగి వెళ్ళిపోతారు. నన్నడిగితే ముందు ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూ చూడాలి, మన సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ చివరి ఏళ్ళలో ఉన్న ఊరు. "మీ ప్రవక్తకి అంతమంది భార్యలేంటి?" అని బంధువులు అడిగితే నీళ్ళు నమిలేవాళ్ళయితే తప్పకుండా చూడాలి. నాకు జోసెఫ్ స్మిత్ ప్రవక్త అన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం పెట్టుకునే ఈ ఊళ్ళు తిరిగాను. తోడు మా అత్తయ్య వచ్చింది. రాజమండ్రి మనిషి, మా సంఘం కాదు, నోరు ఊరుకోదు.

సెయింట్ లూయిస్‌లో దిగి కారు అద్దెకు తీసుకుంటే నావూ మూడు గంటల దారి. మిసిసిపీ నది ఊరిని మూడు వైపులా చుట్టుకుని ఉంటుంది. బసలు తక్కువ, జులైలో ప్రదర్శనలు జరిగేటప్పుడు మరీ కష్టం. మేం దిగిన పాత ఇంటి గది శుభ్రంగానే ఉంది కానీ ఏసీ రాత్రంతా రోడ్డు రోలర్‌లా మోగింది. చెబితే ఓనరు నవ్వి ఒక ఫ్యాన్ ఇచ్చాడు. నది దాటి అయోవా వైపు ఫోర్ట్ మాడిసన్‌లో కూడా గదులు చూసుకోండి. శాకాహారులు రైస్ కుక్కర్, పచ్చడి తెచ్చుకోవడం మేలు.

సేవల విషయంలో మాత్రం వంక పెట్టలేం. ఎడ్లబండి, గుర్రబ్బండి, కమ్మరి కొట్టు, ఇటుకల బట్టీ, అన్నీ ఉచితం. బట్టీలో చిన్న ఇటుక, కమ్మరి కొట్టులో గుర్రపు నాడా మేకుతో చేసిన ఉంగరం చేతిలో పెడతారు. పాతకాలం గౌనుల్లో ఉన్న పెద్దావిడలు అత్తయ్య మోకాళ్ళు చూసి అడక్కుండానే కుర్చీ వేశారు. జోసెఫ్ ఇల్లు, మాన్షన్ హౌస్, ఎర్ర ఇటుకల కొట్టు చాలాకాలం కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ (జోసెఫ్ తర్వాత వేరుపడిన మరో సంఘం) చేతిలో ఉండేవి. 2024 మార్చిలో మన సంఘం కొన్నది.

నేను ఎక్కువసేపు నిలబడింది నది ఒడ్డున ఉన్న ఆ జోసెఫ్ ఇంట్లోనే. కొయ్య దుంగల గదులు, తక్కువ ఎత్తు కప్పు. పార్ట్రిడ్జ్ అక్కచెల్లెళ్ళు ఎమిలీ, ఎలైజా ఈ కుటుంబంతోనే ఉండేవారు. 1843 మార్చిలో జోసెఫ్ మొదటి భార్య ఎమ్మాకు తెలియకుండా ఆయనతో వాళ్ళ సీలింగ్ (మరణం తర్వాత కూడా నిలిచే పెళ్ళి అని మా నమ్మకం) జరిగింది. మే నెలలో ఎమ్మా ఒప్పుకున్నాక, ఆ మొదటిది ఆమెకు చెప్పకుండానే, మళ్ళీ జరిపారు. కొన్నాళ్ళకే ఎమ్మా మనసు మార్చుకుంది. జులై 12న జోసెఫ్ బహుభార్యత్వం గురించిన ప్రకటనను (మా లేఖనగ్రంథం 'సిద్ధాంతము మరియు నిబంధనలు'లో ఇప్పుడు 132వ ప్రకరణం) రాయించాక, ఆయన అన్న హైరమ్ తీసుకెళ్ళి వినిపిస్తే ఆమె నమ్మలేదు. ఇంత చిన్న ఇంట్లో ఇంత పెద్ద రహస్యం ఎలా దాగిందా అనిపించింది. అత్తయ్య అయితే సూటిగా, "దేవుడు చెప్పాడనే అనుకో అమ్మాయ్, పెళ్ళానికి ముందు చెప్పొద్దూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

కొంచెం పైకి వెళితే అపొస్తలుడు హీబర్ సి. కింబాల్ ఇటుకల మేడ ఉంది. ఆయన కూతురు హెలెన్ మార్‌కు జోసెఫ్‌తో సీలింగ్ అయ్యేనాటికి పదిహేనేళ్ళు నిండలేదు. అది పరలోకానికి మాత్రమే అన్న సూచన ఆమె తర్వాతి రాతల్లో ఉంది, ఆ వయసులో తన స్వేచ్ఛ పోయిందన్న బాధా ఉంది. అదే హెలెన్ పెద్దయ్యాక బహుభార్యత్వాన్ని సమర్థిస్తూ పుస్తకాలు రాసింది. నావూలో మేం చూసిన ఒక ఇంట్లో గైడు కిటికీ అద్దాల గురించి పది నిమిషాలు చెప్పి, ఈ సంగతి నేను అడిగితే ముక్తసరిగా తేల్చేసింది. జోసెఫ్ భార్యలు 30 నుంచి 40 మంది ఉండొచ్చని, కొందరికి అప్పటికే భర్తలున్నారని సంఘమే 2014లో వ్యాసం వేసింది. మనవాళ్ళే అచ్చేసిన మాట మన గైడు చెప్పడానికి మొహమాటం దేనికి?

కార్తేజ్ జైలు అరగంట దూరం, తప్పక వెళ్ళండి. 1844 జూన్ 27న జోసెఫ్, హైరమ్‌లను చంపింది అక్కడే. దానికి దారితీసిన గొడవలో 'నావూ ఎక్స్‌పోజిటర్' పత్రిక ఈ పెళ్ళిళ్ళను బయటపెట్టడం, ఆ ప్రెస్సును పగలగొట్టించడం ఉన్నాయి.

సాల్ట్ లేక్‌లో తిరగడం తేలిక. ఎయిర్‌పోర్ట్ నుంచి ట్రాక్స్ అనే సిటీ రైలు గ్రీన్ లైన్ ఎక్కితే దేవాలయం ఉన్న టెంపుల్ స్క్వేర్ దగ్గర దిగొచ్చు. గదులు ఖరీదే, కానీ కారు అవసరం లేదు. దేవాలయానికి 2019 చివర్లో పెద్ద మరమ్మతులు మొదలయ్యాయి కాబట్టి లోపలికి వెళ్ళాలనుకునేవాళ్ళు ముందే కనుక్కోండి. 1852లో సంఘం బహుభార్యత్వాన్ని బహిరంగంగా ప్రకటించాక ఇక్కడ దాపరికం లేదు. 1856లో, జోసెఫ్ తర్వాత సంఘాన్ని నడిపిన బ్రిగమ్ యంగ్ తన భార్యలకోసం కట్టించిన లయన్ హౌస్ కప్పు మీద రెండు వైపులా వరసగా త్రికోణాల కిటికీలు, ఒక్కో కిటికీ వెనక ఒక్కో పడకగది. "వంట ఒకటేనా, వేరేనా?" అన్నది అత్తయ్య మొదటి ప్రశ్న. కింద అందరికీ ఒకటే భోజనశాల అని చెబితే, "మా తాతకి ఇద్దరే, రెండు పొయ్యిలున్నా పోట్లాటలే" అని తేల్చేసింది. జోసెఫ్‌కు, ఆ తర్వాత బ్రిగమ్‌కు భార్య అయిన కవయిత్రి ఎలైజా ఆర్. స్నో 1887లో కన్నుమూసింది ఈ ఇంట్లోనే. సమాధి ఫస్ట్ అవెన్యూలోని చిన్న స్మశానంలో, బ్రిగమ్ యంగ్‌కు దగ్గర్లోనే ఉంది. ఆమెను అణిగిమణిగిన మనిషి అనడం కుదరదు. డాక్టర్ మార్తా హ్యూస్ కానన్ కూడా అంతే. ఆమె కూడా ఒకాయన పలువురు భార్యల్లో ఒకరు. 1896 ఎన్నికల్లో సొంత భర్త కూడా అభ్యర్థిగా ఉన్న పోటీలో గెలిచి, దేశంలోనే మొదటి మహిళా రాష్ట్ర సెనేటర్ అయింది.

షుగర్ హౌస్ పార్కు సరదాగా చూసేదే, వ్యాన్లలో జనం పిక్నిక్‌కు వస్తారు. ఒకప్పుడు అక్కడ జైలుండేది. బహుభార్యత్వాన్ని శిక్షించే 1882 ఎడ్మండ్స్ చట్టం వచ్చాక ఎందరో భర్తలు అందులో శిక్ష అనుభవించారు. 1890లో అప్పటి సంఘాధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ బహుభార్యత్వాన్ని ఆపమని ప్రకటించాడు. "జైలుకెళ్ళినవాళ్ళ సంగతి సరే, ఇళ్ళ దగ్గర పిల్లల్ని సాకినవాళ్ళ పేర్లెక్కడుంటాయి?" అంది అత్తయ్య.

అందుకు వంశవృక్షాల రికార్డులుండే ఫ్యామిలీసెర్చ్ లైబ్రరీకి వెళ్ళాలి, టెంపుల్ స్క్వేర్ పక్కనే. పైసా తీసుకోరు. మాకు సాయం చేసిన పెద్దాయన ఒక కుటుంబం పట్టిక తెరిచి, నలుగురు భార్యల పేర్లు, వాళ్ళ పిల్లల పుట్టిన తేదీలు ఒక్కొక్కటీ చదివి చూపించాడు. తన ముత్తవ్వ మూడో భార్య అని కూడా చెప్పాడు, ఏ మొహమాటమూ లేకుండా. యాత్ర మొత్తంలో నేను ఫుల్ మార్కులు వేసేది ఆయనకే. ఆదివారం మూసేస్తారు, చూసుకుని వెళ్ళండి.