అనంతపురంలో 8 వారాల కంప్యూటర్ గ్రాఫిక్స్ క్లాసు: చీరల గ్రాఫులు గీసే మనిషిగా నా మాట

మొదటి రోజు సార్ కంప్యూటర్లు ఆన్ చేయనీయలేదు. ఒక్కొక్కరికి ఒక గ్రాఫు కాగితం, ఒక పెన్సిలు ఇచ్చినారు. "సున్నా దగ్గర మొదలుపెట్టి అడ్డంగా 10, నిలువుగా 4 దాకా ఒక గీత గీయండి. స్కేలు వాడొద్దు. గడి నింపితే పూర్తిగా నింపాల, సగం గడి లేదు" అన్నారు. పద్నాలుగు మందిమి ఉన్నాం. ఎక్కువ మంది ఇంజనీరింగు పిల్లలు, లెక్కలు వేసుకుంటా కూర్చున్నారు. నేను రెండు నిమిషాల్లో నింపి ఇచ్చేసినాను. కింది వరుసలో రెండు గళ్ళు, పైన రెండు, ఆ పైన మూడు, మళ్ళీ రెండు, మళ్ళీ రెండు. సార్ కాగితం చూసి, "ఏమ్మా, ఇది నీకు ఎవరు చెప్పినారు?" అని అడిగినారు. "మా నాయన చెప్పినాడు సార్. మాది ధర్మవరం, చీరలకు గ్రాఫులు గీస్తాం" అన్నాను.

ఆ మూడు గళ్ళు మధ్యలోనే రావాల. చివర్లో పెడితే గీత వంగినట్టు కనపడుతుంది, చీర మీద అంచు గీత వంకర పోతుంది. అది నాకు చేతికి తెలుసు గానీ, ఎందుకో ఎప్పుడూ తెలీదు. సార్ బోర్డు మీద చూపించినారు. 1962లో ఐబీఎంలో పనిచేసే బ్రెసెన్‌హామ్ అనే ఆయన, బొమ్మలు గీసే యంత్రం కోసం ఒక పద్ధతి కనిపెట్టినాడంట. ప్రతి గడి దగ్గరా ఒకే ప్రశ్న: ఇదే వరుసలో ముందుకు పోవాలా, ఒక మెట్టు ఎక్కాలా? అసలు గీతకు ఏది దగ్గరగా ఉంటే అది. దానికి భాగహారం కూడా అక్కర్లేదు, మామూలు కూడికలతో తేలిపోతుంది. మా నాయన నలభై ఏళ్ళుగా కంటితో తేలుస్తున్న లెక్క అది. ఆ రోజు సాయంత్రం ధర్మవరం బస్సులో కూర్చుని ఆ కూడికలు మూడు సార్లు వేసుకున్నాను.

ఈ సెంటర్ గురించి నేను రాయాలనుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఇక్కడ మొదటి రెండు వారాలు చేత్తో చేయిస్తారు. దానివల్లనే మిగతా ఆరు వారాలు బుర్రకెక్కినాయి. ఇంతకు ముందు నేను వేరే చోట మూడు నెలలు నేర్చుకున్నాను. ఏ మీట నొక్కితే ఏమొస్తుందో చెప్పినారు, అంతే. సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చి మీటలు చోటు మారేసరికి నేను నేర్చుకున్నదంతా పోయింది.

నా పని తెలియనివాళ్ళకు కొంచెం చెప్తాను. పట్టుచీర మీద బుటా రావాలంటే ముందు గళ్ళ కాగితం మీద గీయాల. ఒక నిలువు వరుస అంటే జకార్డులో (మగ్గం పైన పోగులు లేపే యంత్రం) ఒక హుక్కు. ఒక అడ్డ వరుస అంటే ఒక అట్ట. గడి నింపితే ఆ చోట అట్టకు రంధ్రం పడుతుంది, హుక్కు లేస్తుంది, పడుగు పోగు (నిలువు దారం) పైకొస్తుంది. 120 హుక్కుల బుటా, 160 అట్టలు అంటే 19,200 గళ్ళు. అన్నీ చేత్తో నింపాల. ఒక వరుస తప్పితే అట్టలు కొట్టినాక గానీ బయటపడదు.

మూడో వారం మా ఇంట్లో చినిగిన పాత అట్టలు నాలుగు తీసుకుపోయి సార్‌కు చూపించినాను. ఆయన వాటిని పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎదురుగా పెట్టి, "పిల్లలూ, ఇట్ల రండి" అని అందరినీ పిలిచినారు. రంధ్రం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఫ్రాన్సులో లియోన్ ఊరి జకార్డు 1804లో ఈ మగ్గం తయారుచేస్తే, తర్వాత ఇంగ్లండులో బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఈ అట్టల ఆలోచనే తీసుకున్నాడని చెప్పినారు. ఒక పిల్లోడు అట్టలోని రంధ్రాలు ఎంచి తన నోటులో ఒకట్లు, సున్నాలు రాసుకున్నాడు. మా ఇంటి అటక మీద దుమ్ము పట్టిన అట్టలు అవి. నాకు ఎంత గర్వమైందో చెప్పలేను.

ఇక వంపుల సంగతి. నాకు చానా ఏళ్ళుగా తెగని సమస్య మామిడి పిందె డిజైను. పిందె కొన తిరిగే చోట నాది ఎప్పుడూ మొద్దుగా వస్తుంది. మా నాయన మణికట్టు ఒక్కసారి తిప్పితే వచ్చేస్తుంది. ఎట్ల అని అడిగితే, "చెయ్యి చెప్తాది పాపా" అంటాడు. నా చెయ్యి నాకు చెప్పలేదు. సార్ ఒక చెక్క మీద మూడు మేకులు కొట్టి, దారాలు కట్టి చూపించినారు. మొదటి మేకుకు, రెండో మేకుకు మధ్య బిందువు ఒకటి. రెండో మేకుకు, మూడో మేకుకు మధ్య బిందువు ఇంకొకటి. ఆ రెండింటి మధ్య బిందువు వంపు మీద ఉంటుంది. అట్లనే సగాలు చేసుకుంటా పోతే వంపు తనంతట తానే తయారవుతుంది. ఫ్రాన్సు కార్ల కంపెనీల్లో, సిట్రోయెన్‌లో డి కాస్టెల్‌జౌ, రెనోలో బెజియే, కారు రేకుల వంపుల కోసం వేరువేరుగా ఈ దారి పట్టినారంట.

బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో అదే పని చేస్తే, ప్రతి బిందువుకు రెండు పక్కలా రెండు పిడులు వస్తాయి. రెండూ ఒకే గీతలో ఉంటే వంపు నున్నగా పోతుంది. వాటిని విరిస్తే అక్కడ కొన పుడుతుంది. నేను అన్నేళ్ళూ చేసిన తప్పు అది. కొన దగ్గర కూడా నున్నగా తిప్పాలని చూసేదాన్ని. పిందె వీపు మీద నున్నగా ఉండాల, కొన దగ్గర విరగాల, విరిగిన వెంటనే లోపలి వంపు మళ్ళీ గట్టిగా మొదలవ్వాల. ఆ పిడులు అటూ ఇటూ లాగుతుంటే మా నాయన మణికట్టు నా కళ్ళ ముందు కదిలింది.

కొలతల మార్పు క్లాసు నాకు డబ్బుల్లో కలిసొచ్చింది. మూడేళ్ళ కింద ఒకరికి నెమలి గీసిచ్చినాను. కాగితం మీద కన్ను గుండ్రంగానే ఉంది, చీర మీద కోడిగుడ్డు మాదిరి నిలువుగా సాగింది. ఆయన నా కూలిలో సగం పట్టుకున్నాడు. కారణం ఇప్పుడు తెలిసింది. కాగితం మీద గడి చతురస్రం, గుడ్డ మీద కాదు. ఒక గడికి ఒక పోగు లెక్కన అంగుళానికి పడుగు 100, పేక (అడ్డ దారం) 80 ఉందనుకోండి. 100 గళ్ళ వెడల్పు ఒక అంగుళం అవుతుంది, 100 గళ్ళ ఎత్తు అంగుళం పావు అవుతుంది. అందుకే ముందే ఎత్తును 80 శాతానికి తగ్గించి గీయాల. తెర మీద నెమలి అణిగినట్టు కనపడుతుంది, చీర మీద సరిగ్గా వస్తుంది. ఇంత చిన్న గుణకారం తెలియక కూలి పోగొట్టుకున్నాను.

రంగుల పాఠంలో కొంచెం ఇబ్బంది పడినాను. తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి 256 మెట్లు, మొత్తం 1,67,77,216 రంగులు. నాకు కావాల్సింది నాలుగు దారాలు, ఒక జరీ. ఫోటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో రంగులను అట్ల కుదించే ఏర్పాటు ఉంది. ఇప్పుడు పెళ్ళిళ్ళకు వధూవరుల ఫోటోలు కొంగు మీద నేయమంటున్నారు కదా, అది నేర్చుకోవాలనే ముఖ్యంగా పోయినాను. ఫోటోను నాలుగు రంగులకు కుదిస్తే బుగ్గ మీద మరకలు పడతాయి. దానికి చుక్కలు చల్లే పద్ధతి ఉంది. ఒక గడిలో మిగిలిన రంగు తేడాను పక్క గళ్ళకు పంచుతారు. దూరం నుంచి చూస్తే బుగ్గ బుగ్గలాగే ఉంటుంది.

కానీ మగ్గానికి ఇంకో ధర్మం ఉంది, అది కంప్యూటర్‌కు తెలీదు. ఒక వరుసలో జరీ పోగు చానా గళ్ళు కట్టు లేకుండా పోతే అది గుడ్డ మీద తేలుతుంది. గాజు తగిలితే లేచి వస్తుంది, చీర పాడవుతుంది. నేను ఈ మాట చెప్తే సార్ ఒక నిమిషం ఆలోచించి, "ఇది నాకు తెలీదమ్మా, నువ్వే వచ్చి బోర్డు మీద చెప్పు" అన్నారు. చేతులు వణికినాయి గానీ చెప్పినాను. మరుసటి ఆదివారం అదే క్లాసు పని: ఏ వరుసలోనైనా ఎనిమిది గళ్ళకు మించి ఒకే రంగు వరుసగా వస్తే దాన్ని ఎర్రగా చూపించే చిన్న ప్రోగ్రాము. ఇంజనీరింగు పిల్లలు ఇద్దరు నాతో కూర్చుని రాసినారు. ఇప్పుడు ప్రతి గ్రాఫూ అందులో వేసి చూశాకే అట్టలు కొట్టేవాళ్ళకు ఇస్తున్నాను. తెలీనిది తెలీదని చెప్పే గురువు దొరకడం ఈ సెంటర్‌లో అన్నింటికన్నా విలువైనది నాకు.

మాతో పాటు ఫ్లెక్సీ షాపు అన్న ఒకాయన వచ్చేవాడు. తెర మీద మెరిసే నీలం ఫ్లెక్సీ మీద ఎందుకు చస్తుందో ఆయనకు తెలిసిపోయింది: తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, ఫ్లెక్సీ ఇంకుతో. స్కానింగ్ సెంటర్‌లో పనిచేసే ఒక అమ్మాయి సీటీ స్కాన్ బొమ్మల గురించి చెప్పింది. ఒక కోత, అంటే ఒంటిని అడ్డంగా కోసినట్టు చూపించే ఒక బొమ్మ, 512 గళ్ళు అడ్డం, 512 నిలువు. ప్రతి గడికి ఒక అంకె, నీళ్ళకు సున్నా, గాలికి మైనస్ 1000. అదే అంకెల్ని ఒక రకంగా చూపిస్తే ఎముక, ఇంకో రకంగా చూపిస్తే ఊపిరితిత్తి. ఇస్రో వాళ్ళ భువన్ మ్యాపుల్లో మా ధర్మవరం చెరువును పైనుంచి చూపించినారు, అందరూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళు వెతుక్కున్నారు.

తోలుబొమ్మ రోజు మరిచిపోలేను. నిమ్మలకుంటకు దగ్గర పల్లె పిల్లోడొకడు తోలుబొమ్మ తెచ్చినాడు. భుజం కదిపితే మోచెయ్యి, అరచెయ్యి వెంట పోతాయి. మోచెయ్యి కదిపితే భుజం కదలదు. కంప్యూటర్‌లో మనిషి బొమ్మ నడిచేది కూడా ఇట్లనే, పైభాగం లెక్క కిందిభాగానికి చేరుతుంది. నేను కంప్యూటర్‌లో బొమ్మ చెయ్యి తిప్పబోతే అది ఒంటిని వదిలి తెర మూలకు పోయింది. సార్ చెప్పినారు: తిరగడం ఎప్పుడూ సున్నా (అడ్డం, నిలువు కొలతలు మొదలయ్యే చోటు) చుట్టూ జరుగుతుంది. ముందు భుజాన్ని సున్నా దగ్గరికి తెచ్చుకో, తిప్పు, మళ్ళీ దాని చోటికి పంపు. మూడు అడుగులు, అదే వరుసలో.

ఇక లోపాలు. త్రీడీకి మిగిలింది ఆఖరి రెండు వారాలే. అది అస్సలు చాలదు. 1975లో యూటా యూనివర్సిటీలో న్యూవెల్ చేసిన టీ కెటిల్ బొమ్మ చూపించి, దాని మీద వెలుతురు ఎట్ల పడుతుందో చెప్పేసరికే అయిపోయింది. చీర కట్టుకుంటే కుచ్చిళ్ళలో బుటా ఎట్ల మడత పడుతుందో చూడాలని నా ఆశ. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో అది చేయొచ్చంట, ఉచితం కూడా. కానీ అక్కడి సిస్టమ్‌లలో గుడ్డ మడత పెట్టగానే ఆగిపోయేది. పద్నాలుగు మందికి తొమ్మిది సిస్టమ్‌లు. కరెంటు పోతే యూపీఎస్ నాలుగింటికే. ఆరు వేలు ఫీజు తీసుకున్నప్పుడు కనీసం మనిషికి ఒక సిస్టమ్ ఉండాల.

మెట్ల దగ్గర "నూటికి నూరు శాతం ఉద్యోగం" అని బోర్డు ఉంది. దాన్ని తీసేయమని యజమానికి నేను నేరుగా చెప్పినాను. ఆ బోర్డు చూసి అప్పు చేసి చేరిన పిల్లోడు ఒకడు మా బ్యాచిలోనే ఉన్నాడు. సార్ అట్లాంటి మాట ఎప్పుడూ చెప్పలేదు. లోపల ఇంత నిజాయితీగా చెప్తున్నప్పుడు బయట ఆ అబద్ధం ఎందుకు?

సార్ తెలుగులో చేత్తో రాసిన నోట్సు జిరాక్సు ఇస్తారు, దాదాపు 90 పేజీలు. సాఫ్ట్‌వేర్ మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి, నాలాగ పదోతరగతితో ఆగినవాళ్ళు మొదటి రోజు నుంచే ఆ నోట్సులో ఏ మీట ఎక్కడుందో పక్కన రాసుకోండి. నేను నాలుగో వారంలో మొదలుపెట్టి వెనకబడినాను.

కోర్సు అయినాక మొదట గీసింది మామిడి పిందె బుటానే. చేత్తో నాలుగు రోజులు పట్టేది, ఒకటిన్నర రోజులో అయింది. పోయిన వారం మగ్గం ఎక్కింది. మొదటి బుటా నేసినాక మా నాయన అద్దాలు తీసి, వేలితో పిందె కొన మీద రాసి చూసినాడు. "కొన తిరిగింది" అన్నాడు. కాసేపాగి, "లోపలి వంపు ఇంకో గడి లోపలికి పోవాల" అన్నాడు. రెండు పిడులూ కొంచెం లాగినాను. రేపు కొత్త అట్టలు వస్తాయి.

ఈ సెంటర్‌వాళ్ళు త్రీడీకి ఇంకో నెల పెట్టి, మంచి సిస్టమ్‌లు తెస్తే చెప్పండి, మళ్ళీ డబ్బు కట్టి చేరతాను. కొత్త బ్యాచిలో చేరేవాళ్ళు కిటికీ వైపు వరుసలో కూర్చోండి, గోడ వైపు తెరల్లో ఎరుపు గులాబీగా కనపడుతుంది.