హవాయి చివరి రాజుల సలహా మండళ్లు: వెతకడానికి ‘క్రానిక్లింగ్ అమెరికా’ ఎంతవరకు పనికొస్తుంది

హవాయి రాజ్యం కూలిపోయే ముందు కలాకౌవా రాజుకి, ఆ తర్వాత రాణి అయిన ఆయన చెల్లెలు లిలియువోకలానికి సలహా చెప్పిందెవరు, ఆ సలహా ఎంతవరకు చెల్లింది? దీని మీద పనిచేసేవాళ్లు హైదరాబాద్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. రాజ్యాంగ చరిత్ర చదివే లా విద్యార్థులు, ఉస్మానియాలో ఎంఏ హిస్టరీ వాళ్లు, క్విజ్ పిచ్చి ఉన్నవాళ్లు. వాళ్లకి ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా దొరికే వనరు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి పాత పత్రికల సేవ, క్రానిక్లింగ్ అమెరికా. లాగిన్ అక్కర్లేదు, కార్డు నంబర్ అడగదు, మన దగ్గర్నుంచి తెరిస్తే తలుపు మూసెయ్యదు. ఎవరు ఎప్పుడు పదవిలోకి వచ్చారు, ఎప్పుడు దిగిపోయారు అనే లెక్కకి దీన్ని మించింది లేదు. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలుసుకోవాలంటే మాత్రం ఇది చాలదు. ఆ రెండో పనికి దీన్ని వాడబోయి బోర్లా పడ్డ వ్యాసాలు చాలా ఉన్నాయి.

మనకి కావలసిన పత్రికలు ముఖ్యంగా మూడు. పొద్దున వచ్చే పసిఫిక్ కమర్షియల్ అడ్వర్టైజర్, సాయంత్రం వచ్చే డైలీ బులెటిన్, వారపత్రిక హవాయియన్ గెజెట్. మూడూ హోనొలులువే, మూడూ ఇంగ్లీషువే. పేజీ బొమ్మగా కనిపిస్తుంది. పీడీఎఫ్ దించుకోవచ్చు. యంత్రం చదివిన అక్షరపాఠం కూడా పక్కనే ఉంటుంది.

వెతకబోయే ముందు ఏ మండలి ఏదో తేల్చుకోవాలి. సగం గందరగోళం ఇక్కడే. 1864 రాజ్యాంగం ప్రకారం రాజుకి ప్రివీ కౌన్సిల్ ఆఫ్ స్టేట్ ఉండేది. సభ్యుల్ని రాజే వేస్తాడు, ఆయనకి ఇష్టమున్నంత కాలమే వాళ్లు ఉంటారు. క్షమాభిక్ష లాంటివి ఈ కౌన్సిల్ సలహాతోనే జరగాలి. హవాయి దొరలు, తెల్ల వ్యాపారులు, రాజబంధువులు అందరూ అందులో కనిపిస్తారు. బ్యాంకు యజమాని చార్ల్స్ రీడ్ బిషప్, ఆర్చిబాల్డ్ క్లెగ్‌హార్న్, లిలియువోకలాని భర్త జాన్ డొమినిస్ ముగ్గురూ ఇందులోవాళ్లే. క్యాబినెట్ వేరు. విదేశాంగం, అంతరంగిక వ్యవహారాలు, ఆర్థికం, అటార్నీ జనరల్ అని నలుగురే మంత్రులు. వాళ్లు హోదా రీత్యా ప్రివీ కౌన్సిల్‌లో కూడా సభ్యులు కాబట్టి ఒకే మనిషి పేరు రెండు జాబితాల్లోనూ తగులుతుంది.

1887 జులై 6న కలాకౌవా రాజు మెడ మీద కత్తి పెట్టినట్టు సంతకం చేయించుకున్న రాజ్యాంగం ఈ లెక్క మార్చేసింది. బయొనెట్ రాజ్యాంగం అన్న పేరు ఊరికే రాలేదు. మంత్రి ఎవరైనా ఒకరు కింద సంతకం పెడితే తప్ప రాజు చేసిన ఏ పనీ చెల్లదు. రాజు మంత్రుల్ని వెయ్యగలడు గానీ తియ్యలేడు. తియ్యాలంటే శాసనసభలో ఎన్నికైన సభ్యులందరిలో మెజారిటీతో అవిశ్వాసం నెగ్గాలి. ప్రివీ కౌన్సిల్ పేరుకి అలాగే ఉండిపోయింది, పెత్తనం మాత్రం క్యాబినెట్‌కి పోయింది. అందుకే 1887 తర్వాతి ప్రివీ కౌన్సిల్ నియామకాల్ని చూసి ‘రాణి సలహాదారులు వీళ్లే’ అని రాసెయ్యకూడదు. ఆ పదవిలో అప్పటికి మర్యాదే ఎక్కువ.

‘అడ్వైజరీ కౌన్సిల్’ సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. సలహా మండలి కదా అని ఈ మాట కొడితే కుప్పలుగా ఫలితాలొస్తాయి, అవన్నీ దాదాపు 1893 జనవరి 17 తర్వాతివే. అది రాణిని దించేసినవాళ్లు పెట్టుకున్న మండలి. శాన్‌ఫర్డ్ డోల్ ముందు నిలబడిన నలుగురి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, దానికి తోడు 14 మంది అడ్వైజరీ కౌన్సిల్. 1887లో అంతరంగిక మంత్రిగా ఉన్న లోరిన్ థర్స్టన్ ఈ 14 మందిలో ఒకడు. రాణికి సలహా చెప్పిన మండలి అనుకుని ఈ పేర్లు ఎత్తి రాస్తే, దొంగల జాబితాని కాపలావాళ్ల జాబితాగా అచ్చేసినట్టే. కాబట్టి వెతుకుడులో తేదీ హద్దు పెట్టడం తప్పనిసరి. రాచరికం వరకే కావాలంటే చివరి తేదీ 1893 జనవరి 17 దగ్గర ఆపండి.

ఇక వెతికే పద్ధతి. ముందు రాష్ట్రం హవాయి అని ఎంచుకోండి. అది మరిచిపోతే లండన్ ప్రివీ కౌన్సిల్ తీర్పుల వార్తలు అమెరికా పత్రికలన్నిట్లోంచీ వచ్చి పడతాయి. మన జమీందారీ దావాలు చివరికి చేరిన కోర్టు అదే, దానికీ దీనికీ సంబంధం లేదు. తర్వాత పత్రిక పేరు, తర్వాత తేదీలు, చివరికి మాట. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. ‘ప్రివీ కౌన్సిల్’ అని నేరుగా కొట్టే కన్నా ప్రభుత్వ ప్రకటనల శీర్షిక ‘బై అథారిటీ’ పట్టుకోవడం మేలు. మంత్రుల నియామకాలు, రాజీనామాలు, సెలవులు అన్నీ ఆ శీర్షిక కిందే అచ్చయ్యేవి. నియామకపు వాక్యం ఒక మూసలో ఉంటుంది: ‘ఇట్ హాజ్ ప్లీజ్డ్ హిజ్ మెజెస్టీ ద కింగ్ టు అపాయింట్’. కలాకౌవా 1891 జనవరి 20న శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోయాడు, 29న లిలియువోకలాని గద్దెనెక్కింది. అక్కణ్నుంచి ‘హర్ మెజెస్టీ ద క్వీన్’ అని మార్చి కొట్టాలి. రెండు చోట్ల ఇది కూడా పనిచెయ్యదు. 1881లో రాజు ప్రపంచయాత్రకి వెళ్లినప్పుడు (ఆ యాత్రలో కలకత్తాకి కూడా వచ్చాడు), 1890 నవంబరులో అమెరికా వెళ్లినప్పుడు పాలన చూసింది రీజెంట్ హోదాలో చెల్లెలే. ఆ నెలలకి ‘రీజెంట్’ అన్న మాట కలపకపోతే ఖాళీ చేతులే.

యంత్రం చదివిన పాఠం ఈ సేవలో బలహీనమైన చోటు. మైక్రోఫిల్మ్ నుంచి తీసిన బొమ్మలు కాబట్టి మసక ఎక్కువ. ‘ఎన్’ని ‘యు’గా, ‘వై’ని ‘వి’గా చదివేస్తుంది. కాలమ్ సన్నగా ఉండటంతో ‘కౌన్సిల్’ అన్న మాట వరస చివర విరిగి రెండు ముక్కలవుతుంది, అప్పుడు పదబంధంగా కొడితే దొరకదు. దీనికి మందు: పూర్తి పదబంధం వదిలేసి, రెండు మాటలు దగ్గర్లో ఉన్నవి అడగండి, లేదా మనిషి ఇంటిపేరు ఒక్కటే కొట్టండి. కౌన్సిల్ సభ్యుడు అనే ఇంగ్లీషు మాట ‘కౌన్సిలర్’కి ఒక ‘ఎల్’తోనూ రెండు ‘ఎల్’లతోనూ వర్ణక్రమం ఉంది, రెండూ ప్రయత్నించాలి. ఈనాటి హవాయి వర్ణక్రమంలో వాడే పైగీతలు, కామాల్లాంటి గుర్తులు ఆ ఇంగ్లీషు పత్రికల్లో ఉండవు, రాణి పేరైనా రాజభవనం పేరైనా గుర్తులు తీసేసే కొట్టండి. ఇన్ని చేసినా దొరక్కపోతే వెతకడం మానేసి, ఆ తేదీ సంచిక తెరిచి పేజీలు తిప్పడమే. పేజీలు కొన్నే కాబట్టి అదేం పెద్ద కష్టం కాదు.

ఈ సేవ సత్తా చూడాలంటే 1892 ఆగస్టు చివరి నుంచి 1893 జనవరి దాకా వరసగా చదవండి. ఆ నాలుగున్నర నెలల్లో నాలుగు మంత్రివర్గాలు అవిశ్వాసంతో పడిపోయాయి. నవంబరు 1న వేసిన కార్న్‌వెల్ మంత్రివర్గం ఆ రోజైనా దాటలేదు. ఎన్నికైన సభ్యులు 48 మంది, అంటే పడగొట్టడానికి 25 ఓట్లు కావాలి. జనవరి 12న విల్‌కాక్స్, జోన్స్‌ల మంత్రివర్గం మీద పడినవి సరిగ్గా 25, అటుపక్క 16. రెండు పత్రికల్లో సభ నివేదికలు పక్కపక్కన పెట్టుకుంటే ఎవరు ఎటు దూకారో తెలుస్తుంది. ఈ రకం పనికి ఇంత బాగా అమిరిన వనరు ఇంకోటి లేదు.

జనవరి 13న వచ్చిన ఆఖరి మంత్రివర్గంలో శామ్యూల్ పార్కర్, విలియం కార్న్‌వెల్, జాన్ కోల్‌బర్న్, ఆర్థర్ పీటర్సన్ ఉన్నారు. మర్నాడు శనివారం సభ ముగించాక రాణి ఇయోలాని భవనంలో వీళ్లని పిలిచి కొత్త రాజ్యాంగం మీద సంతకాలు అడిగింది. వీళ్లు పెట్టలేదు. 1887 నాటి ఆ ఒక్క షరతు వల్ల నలుగురి నిరాకరణతో రాణి చెయ్యి కట్టేసినట్టయింది. సోమవారం 16న వెలువడిన ‘బై అథారిటీ’ ప్రకటనని బొమ్మలోనే చదవండి, అక్షరపాఠంలో కాదు. రాజ్యాంగంలో మార్పులు ఇకమీదట రాజ్యాంగం చెప్పిన దారిలోనే కోరతామని అందులో హామీ. కింద ముందు రాణి సంతకం, ఆ కింద నలుగురు మంత్రులవి. రాణి మాట ఒక్కటే చాలదని ఒప్పుకున్న కాగితం అది, పుస్తకాలు పేజీలకి పేజీలు చెప్పేది ఆ సంతకాల వరసలోనే కనిపిస్తుంది. ఆ సాయంత్రమే అమెరికా యుద్ధనౌక బోస్టన్ నుంచి 162 మంది సైనికులు దిగారు. మర్నాటికి రాణి గద్దె దిగింది.

మన నిజాం సర్కారు పద్ధతి తెలిసినవాళ్లకి ఇక్కడ ఒక తేడా తడుతుంది. హైదరాబాద్‌లో 1919లో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ పెట్టి సర్ అలీ ఇమామ్‌ని అధ్యక్షుడిగా కూర్చోబెట్టినా, వెయ్యడం తియ్యడం నిజాం చేతిలోనే ఉంది. ఆయన లెక్క చూసుకోవలసింది కోఠీ రెసిడెన్సీతో. హోనొలులులో రాణికి అటు శాసనసభ, ఇటు అమెరికా దౌత్య ప్రతినిధి జాన్ స్టీవెన్స్, మధ్యలో సంతకం పెట్టని సొంత మంత్రులు. సెమినార్ పేపర్‌కి ఈ పోలిక మంచి సరుకు, నిజాం వైపు కాగితాలు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉండనే ఉన్నాయి.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. ఇది సైట్ తప్పు కాదు, వాడేవాళ్లకి ముందే తెలియాల్సింది. 1893 నాటికి అడ్వర్టైజర్, గెజెట్ రెండూ ఒకే కంపెనీవి. పొద్దుటి పత్రికలో వచ్చిందే వారపత్రికలో మళ్లీ కనిపిస్తుంది. దాన్ని రెండు సాక్ష్యాలుగా లెక్కవేస్తే మోసపోయినట్టే. పైగా ఆ పత్రికల మొగ్గు రాణికి వ్యతిరేకం. రాణి వైపు గొంతు వినాలంటే హవాయి భాష పత్రికలు చూడాలి, వాటికి పాపకీలో, ఉలుకౌ అనే ఉచిత భాండారాలున్నాయి. అక్కడ ప్రివీ కౌన్సిల్‌కి ‘అహా కూకాకూకా మలు’ అని, మంత్రులకి ‘కుహినా’ అని కొట్టాలి. భాష రాకపోయినా పేర్లు, తేదీలు పట్టుకోవచ్చు. ఇంగ్లీషులోనే మంత్రుల నోటి మాట కావాలంటే రాణిని దించడం మీద అమెరికా జరిపిన విచారణల నివేదికలు, 1893 జులై నాటి బ్లౌంట్ నివేదిక, 1894 ఫిబ్రవరి నాటి మోర్గన్ నివేదిక చదవాలి. మొదటిది రాణికి అనుకూలం, రెండోది ప్రతికూలం, కాబట్టి రెండూ కలిపే చదవాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతుక్కోండి. హాతీట్రస్ట్‌లో 1890ల పుస్తకాలు కొన్ని అమెరికాలో తెరుచుకుంటాయి గానీ మన దగ్గర వెతుకుడు వరకే చూపిస్తాయి. ఏటేటా ప్రివీ కౌన్సిల్ సభ్యుల పూర్తి జాబితా ఒకచోట కావాలంటే థ్రమ్ హవాయియన్ వార్షిక సంచికలు చాలు, ప్రకటనలు ఏరుకునే బాధ తప్పుతుంది.

ఫోన్‌లో ఈ సైట్ వాడటం శుద్ధ దండగ. పేజీ పెద్దది చేసిన ప్రతిసారీ మసకబారి నెమ్మదిగా తేరుకుంటుంది. ల్యాప్‌టాప్ మీద పీడీఎఫ్ దించుకుని చూడటమే సుఖం. ప్రింటు తీయించాలంటే కోఠీలోనో అబిడ్స్‌లోనో ఏ4 కాగితం మీద పేజీ మొత్తం వేయించకండి, అక్షరం చీమ తలకాయంత వస్తుంది. కావలసిన కాలమ్‌ని కత్తిరించి విడి బొమ్మగా వేయించండి, లేదా ఏ3 అడగండి. ఉదహరించేటప్పుడు పత్రిక, తేదీ, పేజీ, కాలమ్ నాలుగూ రాసుకోండి. వెతుకుడు ఫలితం లింకు కాకుండా, ఆ పేజీకి సైట్ ఇచ్చే శాశ్వత లింకే దాచుకోండి.

ఇంతా చేసి కౌన్సిల్ గదిలో మాటలే కావాలంటే మినిట్స్ చూడాల్సిందే. అవి హోనొలులులో, ఇయోలాని భవనం ఆవరణలోనే ఉన్న హవాయి స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఈమెయిల్‌లో ‘1887 నుంచి 1893 దాకా అన్నీ పంపండి’ అనకుండా, పత్రికల్లో పట్టుకున్న తేదీ, సమావేశం పేరు, మంత్రి పేరు ఇచ్చి అడిగితే పని తేలిక. వాళ్లు మనకన్నా పదిహేనున్నర గంటలు వెనక. అక్కడ పొద్దున తొమ్మిదంటే ఇక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర, కాబట్టి ఫోన్ చెయ్యాలనుకునేవాళ్లు ఆ రాత్రికి నిద్ర మానుకోవాలి.