కోణాల కన్వర్టర్ యాప్: సెకన్ల దాకా బాగుంది, మిల్స్ దగ్గర జాగ్రత్త

డిగ్రీని పై (π)తో గుణించి 180తో భాగిస్తే రేడియన్ వచ్చేస్తుంది, దానికో యాప్ ఎందుకు అని చాలామంది అంటారు. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో రాసిన కోణాలు చేతికొస్తే అప్పుడు తెలుస్తుంది తిప్పలు. ఇక్కడ డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు, కాబట్టి 17.25 డిగ్రీలంటే 17 డిగ్రీల 15 నిమిషాలు, కానీ హడావిడిలో దాన్ని 17 డిగ్రీల 25 నిమిషాలని చదివేస్తారు. పది నిమిషాలే కదా అనుకోకండి, అక్షాంశంలో ఒక్క నిమిషం అంటే నేల మీద దాదాపు 1.85 కిలోమీటర్లు, ఆ లెక్కన మ్యాప్‌లో పెట్టిన గుర్తు 18 కిలోమీటర్లు దాటి ఎక్కడో పడుతుంది. ఈ యాప్‌లో మూడింటికీ వేరువేరు గడులు ఇచ్చారు, నిమిషాల గడిలో 60 గానీ అంతకు మించి గానీ కొడితే ఎర్రగా చూపించి ఆపేస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

60 డిగ్రీలు కొడితే 1.0472 రేడియన్లతో పాటు పై/3 అని కూడా కనిపిస్తుంది. ట్రిగనామెట్రీ చదివే పిల్లలకు ఇది చాలా ఉపయోగం, ఎందుకంటే పుస్తకంలో వాళ్లకి కనిపించేది పై/3 అయితే కాలిక్యులేటర్ చూపించేది దశాంశాలు. గ్రేడియన్లు కూడా ఉన్నాయి, లంబకోణానికి 100, ఇందులో ఏ ఇబ్బందీ రాలేదు.

ఇక చిరాకు పెట్టే సంగతి. లిస్టులో ఉత్తగా ‘మిల్’ (సైన్యంలో వాడే కోణాల కొలత) అని పెట్టి వదిలేశారు. నాటో లెక్కలో పూర్తి వృత్తానికి 6400 మిల్స్, సోవియట్ లెక్కలో 6000, అచ్చంగా మిల్లీరేడియన్లలో చూస్తే దాదాపు 6283, మరి ఇందులో ఏది వాడారో ఎక్కడా రాయకపోతే ఎలా? 90 డిగ్రీలు కొట్టి చూస్తే 1600 వచ్చింది, అంటే నాటోది. ఆ మాట పేరు పక్కనే రాస్తే ఎవరికీ టెన్షన్ ఉండదు.

ఇంకొకటి, 0.785398 రేడియన్లను వెనక్కి మారిస్తే 44 డిగ్రీల 59 నిమిషాల 60 సెకన్లు అని చూపిస్తోంది. సెకన్లను రౌండ్ చేశాక అవి 60 అయితే నిమిషానికి, అక్కడి నుంచి డిగ్రీకి చేర్చి 45 అని చూపించాలి, అది చేయట్లేదు. ఆ సంఖ్యని కాపీ చేసి ఇంకో ప్రోగ్రామ్‌లో వేస్తే అది తీసుకోకపోవచ్చు కూడా.

డిగ్రీలు, రేడియన్లతోనే పని ఉన్నవాళ్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. సర్వే పనికి వాడేవాళ్లు మాత్రం సెకన్ల గడిలో 60 కనిపిస్తే చేత్తో సరిచేసుకోండి. ప్రస్తుతానికి ఐదుకి నాలుగు, ఈ రెండూ సరిచేసిన రోజు ఐదుకి ఐదు ఇస్తాను.